ఒక్క కప్పు కాఫీ యంత్రం: విజయనగరంలో 120 రోజుల ప్రాజెక్టు డైరీ

ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో వేళ ఒకే ఒక్క కప్పు కాఫీ కావలసిన కుటుంబం నేను చేసిన పనిని యథాతథంగా చేసుకోగలగాలని, నేను పొరబడిన చోట మరొకరు డబ్బు పోగొట్టుకోకూడదని ఈ డైరీ రాస్తున్నాను. మా ఇంట్లో అత్తయ్యగారు తెల్లవారుజామున నాలుగున్నరకు కాఫీ తాగుతారు, నేను కాలేజీకి బయలుదేరే ముందు ఏడు గంటలకు తాగుతాను, మావారు రాత్రి డ్యూటీకి వెళ్లేముందు తొమ్మిదికి తాగుతారు. నాలుగున్నరకు దించిన డికాక్షన్ రాత్రి తొమ్మిదికి పుల్లబడిపోతుంది. మూడు పూటలా చిన్న ఫిల్టరు వేస్తే ప్రతిసారీ పావుగంటకు పైగా కాచుకుని కూర్చోవాలి. ఒకే వేళకు ఇద్దరు ముగ్గురు కలిసి తాగే ఇంటికి స్టీలు ఫిల్టరును మించినది లేదు, అటువంటివారికి ఈ యంత్రం అక్కరలేదు.

నేను జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. కొలతలలో కొన్ని కాలేజీ ప్రయోగశాలలో ప్రిన్సిపాల్ గారి అనుమతితో తీసుకున్నవి, మిగిలినవన్నీ వంటింట్లో తీసుకున్నవే.

దశ 1: యంత్రం కంటే ముందు నీళ్లు (1–5 రోజులు)

నీటిని ముందు కొలవాలన్న ఆలోచన మా గీజరు వల్ల వచ్చింది. రెండేళ్లకే కాలిపోయిన దాని రాడ్డును మెకానిక్ బయటకు తీసినప్పుడు, దాని చుట్టూ అర వేలు మందాన తెల్లని సున్నం గట్టిపడి ఉంది. గీజరు రాడ్డు చుట్టూ చోటు ఉంటుంది కనుక అది రెండేళ్లు ఆగింది. కాఫీ యంత్రంలో నీరు వేడెక్కే గొట్టం కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటుంది, అందులో పలచని పొర పేరుకున్నా దారి మూసుకుపోతుంది.

ముందుగా కొన్నవి మూడు: 0.1 గ్రాము వరకు చూపే డిజిటల్ కాటా రూ. 450, టీడీఎస్ మీటరు రూ. 300, వంటింటి థర్మామీటరు రూ. 350.

టీడీఎస్ మీటరు నీటి కఠినత్వాన్ని, అంటే సున్నంగా పేరుకునే కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదును చూపదు. అది నీటి విద్యుత్ వాహకతను కొలిచి, కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని అంచనా వేస్తుంది. వంటింటి ఉప్పు కరిగినా అంకె పెరుగుతుంది, కానీ ఆ ఉప్పు గొట్టంలో సున్నంలా పేరుకోదు. అందుకని కఠినత్వాన్ని వేరుగా ప్రయోగశాలలో కొలిచాను.

1. 50 మి.లీ. నీటి నమూనాకు అమ్మోనియా బఫరు కలిపి పీహెచ్‌ను 10కి తెచ్చాను.
2. ఎరియోక్రోమ్ బ్లాక్ టీ సూచికను వేశాను. నీరు ద్రాక్షరసం రంగుకు మారింది.
3. నీలం రంగు వచ్చేవరకు, ఆ లవణాలను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనపు 0.01 మోలార్ ద్రావణాన్ని బ్యూరెట్ నుంచి చుక్కలుగా వదిలాను.
4. ఖర్చయిన మిల్లీలీటర్లను 20తో గుణించాను. వచ్చిన అంకె లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేట్ అని అర్థం.

మా ఇంటి నీటి లెక్కలు ఇవి:

- బోరు నీరు: టీడీఎస్ 780, ఈడీటీఏ 21.0 మి.లీ., కఠినత్వం 420.
- మున్సిపల్ కుళాయి నీరు: టీడీఎస్ 210, ఈడీటీఏ 6.5 మి.లీ., కఠినత్వం 130.
- ఆర్‌వో నీరు: టీడీఎస్ 32, ఈడీటీఏ 0.6 మి.లీ., కఠినత్వం 12.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం 200 వరకు ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతి ఉంది. అంటే మా బోరు నీరు మనుషులు తాగడానికి పనికిరానిది కాదు, యంత్రానికి మాత్రం పనికిరాదు. అలాగని ఒట్టి ఆర్‌వో నీరు పోస్తే కాఫీ చప్పగా వస్తుంది, ఎందుకంటే గింజలోని రుచిని బయటకు లాగడంలో నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలకు పాత్ర ఉంది. కాఫీ నిపుణుల ప్రమాణాలలో టీడీఎస్ 150కి అటూ ఇటూగా ఉన్న నీటిని మంచిదంటారు. కుళాయి నీటిని, ఆర్‌వో నీటిని సమపాళ్లలో కలిపాను. టీడీఎస్ 121, కఠినత్వం 71 వచ్చాయి. కుళాయి లేని ఇళ్లలో ఒక వంతు బోరు నీటికి ఆరు వంతుల ఆర్‌వో నీరు కలిపినా కఠినత్వం దాదాపు ఇంతే వస్తుంది, అయితే ముందుగా మీ బోరును కొలుచుకోవాలి. మా వీధిలోనే రెండిళ్ల అవతల ఉన్న బోరు టీడీఎస్ 1,100 దాటింది.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 1,100.

దశ 2: అమెరికా యంత్రం, ట్రాన్స్‌ఫార్మరు (6–11 రోజులు)

మా ఆడపడుచుగారి అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు తాను వాడిన ఒక్క కప్పు యంత్రాన్ని మాకు ఇచ్చి వెళ్లాడు. ఉచితంగా వచ్చిన యంత్రం ఉండగా కొత్తది ఎందుకని ఆరు రోజులు దానిమీదే గడిపాను.

అడుగున అతికించిన రేకు మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 1,500 వాట్లు అని ఉంది. నేరుగా మన ప్లగ్గులో పెడితే హీటరు మీద పడే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 230ని 120తో భాగించి వర్గం చేస్తే దాదాపు 3.7 రెట్లు అవుతుంది, ఆ యంత్రం క్షణాలలో కాలిపోతుంది. అందుకని గంటస్తంభం దగ్గర ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొన్నాను. 1,500 వాట్ల యంత్రానికి కనీసం 2,000 వీఏ (వోల్ట్–ఆంపియర్లు) మోయగల ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. దుకాణంలో ఉన్నది 1,000 వీఏ. "కాసేపే కదా నడిచేది, సరిపోతుంది" అన్న మాటను నమ్మి రూ. 2,800 ఇచ్చాను. ఆ మాటను లెక్కతో సరిచూడకపోవడం నా పొరపాటు.

మొదటి కప్పు వచ్చింది. రెండో కప్పుకు ట్రాన్స్‌ఫార్మరు గట్టిగా గుర్రుమంది, మూడో కప్పుకు వార్నిష్ మాడిన వాసన రావడంతో మెయిన్ ఆపేశాను. సరైన ట్రాన్స్‌ఫార్మరు తెచ్చినా రెండు ఇబ్బందులు మిగిలేవి. 60 హెర్ట్జ్‌కు తయారైన ఏసీ పంపు మన 50 హెర్ట్జ్ మీద వేరే వేగంతో కొట్టుకుంటుంది, దాన్ని ట్రాన్స్‌ఫార్మరు మార్చలేదు. దానిలో పెట్టే, కాఫీ పొడి నింపిన ప్లాస్టిక్ కప్పులు మా ఊళ్లో ఎక్కడా దొరకవు.

యంత్రాన్ని అటక మీద పెట్టాను. దుకాణంవారు ట్రాన్స్‌ఫార్మరును రూ. 1,800కు వెనక్కు తీసుకున్నారు.

ఇప్పటివరకు ఖర్చు: 1,100 + 2,800 − 1,800 = రూ. 2,100.

దశ 3: ఎంపిక (12–16 రోజులు)

మూడు రకాలను పోల్చాను. మోకా పాట్ చవక, కరెంటు అక్కరలేదు, కానీ తెల్లవారుజామున అత్తయ్యగారు ఒంటరిగా స్టవ్ దగ్గర ఆవిరి ఒత్తిడితో పనిచేసే పాత్రను వాడడం నాకు ఇష్టం లేదు. ఒక్క కప్పు డ్రిప్ యంత్రం శుభ్రం చేయడం తేలిక, కానీ దాని కాఫీ పలచగా ఉంటుంది. అందులో పాలు కలిపితే మన నాలుకకు కాఫీ అనిపించదు. పంపు ఉన్న క్యాప్సూల్ యంత్రం, ఒక కప్పుకు సరిపడా పొడి ఉన్న చిన్న డబ్బీ (క్యాప్సూల్) గుండా వేడి నీటిని ఒత్తిడితో తోసి, 40 మి.లీ. చిక్కటి కాఫీ ఇస్తుంది, దానికి 90 మి.లీ. వేడి పాలు కలిపితే ఫిల్టరు కాఫీకి దగ్గరగా ఉంటుంది. అందుకని అదే ఎంచుకున్నాను.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో "19 బార్" అని ఉంటుంది. అది పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి. ఎస్ప్రెసో, అంటే ఒత్తిడితో తీసే చిక్కటి కాఫీ, దిగడానికి కావలసింది 9 బార్ల ప్రాంతం. 15 బార్లు, 19 బార్లు, 20 బార్లు అన్న పోలిక వదిలేసి, దుకాణంలో నిలబడి వీటిని చూశాను:

1. రేటింగు రేకు మీద 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్ ఉండాలి.
2. నీళ్ల ట్యాంకు ఊడిరావాలి, దాని లోపలికి చెయ్యి పట్టాలి.
3. లీవరు ఎత్తితే క్యాప్సూల్ కూర్చునే గది కంటికి కనబడాలి.
4. సున్నం తీసే పద్ధతి మాన్యువల్‌లో రాసి ఉండాలి.
5. యంత్రంలో కాఫీ దిగే ముక్కు కింద మన స్టీలు గ్లాసు పట్టాలి. నేను ఇంటి గ్లాసును సంచిలో తీసుకెళ్లాను. రెండు యంత్రాలు ఈ ఒక్క కారణంగానే ఎంపికలోంచి పోయాయి.
6. బయట దొరికే స్టీలు క్యాప్సూల్ ఆ నమూనాలో సరిపోవాలి.

1,400 వాట్ల యంత్రం రూ. 9,800, పది కంపెనీ క్యాప్సూళ్లు రూ. 550, తిరిగి నింపుకునే స్టీలు క్యాప్సూళ్లు రెండు రూ. 1,200. యంత్రం 6 ఆంపియర్లకు పైగా లాగుతుంది కనుక ఫోను పెట్టుకునే చిన్న ప్లగ్గులో కాక 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గులోనే పెట్టాను. మా ఇన్వర్టరు దీన్ని మోయలేదు. కరెంటు పోయినప్పుడు పాత స్టీలు ఫిల్టరే గతి, దాన్ని పారవేయవద్దు.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 13,650.

దశ 4: స్టీలు క్యాప్సూల్ నింపడం (17–30 రోజులు)

కంపెనీ క్యాప్సూల్ ఒక్కొక్కటి రూ. 55. రోజుకు మూడు చొప్పున నెలకు దాదాపు రూ. 5,000 అవుతుంది, అది మాకు కుదిరే పని కాదు. వాటిని కొలబద్దగా మాత్రమే వాడాను. పదింటినీ స్టాప్‌వాచ్ పెట్టి కొలిస్తే 40 మి.లీ. దిగడానికి 22 నుంచి 26 సెకన్లు పట్టింది. నేను నింపిన క్యాప్సూల్ కూడా ఆ వ్యవధిలో దిగేలా చేయడమే ఈ దశ లక్ష్యం.

*ప్రయత్నం 1.* ఇంట్లో ఉన్న 80:20 ఫిల్టరు పొడి (80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరీ), 5.5 గ్రాములు. పంపు మోత మారింది, 20 సెకన్ల వరకు చుక్క రాలేదు, నిమిషానికి 9 మి.లీ. నల్లని చుక్కలు వచ్చాయి. ఆపి, చల్లారాక మూత తిప్పితే లోపల పొడి లేదు, బెల్లం పాకం ముదిరినట్టు నల్లటి ముద్ద ఉంది. చెంచా కాడతో తవ్వితే జాలీకి అంటుకుని ఊడిరాలేదు. ఇది చికోరీ ప్రభావం. చికోరీ వేరులో నీటిలో కరిగే పదార్థం కాఫీ గింజలో కంటే చాలా ఎక్కువ. ఫిల్టరులో నీరు తన బరువుతో మెల్లగా దిగుతుంది కనుక ఆ జిగట మేలే చేస్తుంది, డికాక్షన్‌కు చిక్కదనాన్ని ఇస్తుంది. ఒత్తిడితో నీటిని తోసే యంత్రంలో మాత్రం అదే జిగట జాలీ రంధ్రాలను మూసేస్తుంది. మన చట్టం ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, రెండింటి శాతాలనూ ప్యాకెట్ మీద ముద్రించాలి. కనుక కొనేముందు ఆ చిన్న అక్షరాలు చదివి, చికోరీ సున్నా ఉన్నదే తీసుకోవాలి.

అచ్చమైన కాఫీ గింజలు మనకు దూరం కాదు. ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కితే అనంతగిరి, అరకు కొండలలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగల మధ్య పండే అరబికా ఉంది. "అరకు వ్యాలీ అరబికా"కు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వేయించిన గింజలు 250 గ్రాములు నాకు రూ. 320 పడ్డాయి.

*ప్రయత్నం 2.* అవే గింజలు, మిక్సీలో మూడేసి సెకన్ల చొప్పున ఆరు తిప్పులు, 5.5 గ్రాములు. 9 సెకన్లలోనే 40 మి.లీ. దిగిపోయింది. కాఫీ పుల్లగా, నీళ్లగా ఉంది. గ్లాసు అడుగున వేలితో తాకితే బురదలా మడ్డి తగిలింది. పొడిని తెల్ల కాగితం మీద పరిచి చూస్తే కారణం కనబడింది: బొంబాయి రవ్వంత పలుకులు, వాటి పక్కనే పసుపు పొడిలా మెత్తని దుమ్ము. నీరు పలుకుల మధ్య నుంచి పారిపోయింది, దుమ్ము జాలీ దాటి గ్లాసులో పడింది. మిక్సీ బ్లేడు గింజను కొడుతుంది, నలపదు. ఎన్ని తిప్పులు తిప్పినా పలుకు ఒకే పరిమాణానికి రాదు.

*ప్రయత్నం 3.* దుకాణంలో ఫిల్టరుకు పట్టించిన చికోరీ లేని పొడి, 5.5 గ్రాములు: 14 సెకన్లు. తాగవచ్చు, కానీ పాలు పోయగానే కాఫీ మాయమవుతోంది.

*ప్రయత్నం 4.* రాళ్ల విసుర్రాయి సూత్రంతో, రెండు ఉక్కు దంతపు చక్రాల మధ్య గింజను నలిపే హ్యాండ్ గ్రైండరు కొన్నాను, రూ. 3,200. పూర్తిగా బిగించిన స్థానం నుంచి 12 గీతలు వదులు చేస్తే 19 సెకన్లు, 10 గీతలైతే 24 సెకన్లు, 8 గీతలైతే 41 సెకన్లు, రుచి చేదు. 10 దగ్గర ఆపాను. ఈ గీతల లెక్క నా గ్రైండరుకే చెల్లుతుంది. మీరు సెకన్లను పట్టుకుని మీ గీత వెతుక్కోవాలి.

*ప్రయత్నం 5.* అంతా కుదిరిందనుకున్న 24వ రోజున మళ్లీ 15 సెకన్లు వచ్చింది, క్యాప్సూళ్లు పడే డబ్బాలో సగం గ్లాసు నీళ్లు చేరాయి. గ్రైండరును అనుమానించి రెండు రోజులు గీతలు మార్చాను. అసలు లోపం క్యాప్సూల్ అంచున ఉంది: సిలికాన్ వాషరు కింద ఆవగింజలో సగం లేని కాఫీ పలుకు ఒకటి ఇరుక్కుని, ఆ చోట వాషరు వెంట్రుకవాసి పైకి లేచింది. నీరు పొడిలోకి వెళ్లకుండా ఆ సందులోంచి పక్కకు పోయింది. దానితో మోతాదును 5.5 నుంచి 5.2 గ్రాములకు తగ్గించాను, పొడి అంచు దాటి పొంగకుండా ఉండడానికి.

ఇప్పుడు పాటిస్తున్న క్రమం:

1. 5.2 గ్రాముల గింజలు తూచి, అప్పటికప్పుడు విసరాలి.
2. క్యాప్సూల్‌ను బల్ల మీద రెండుసార్లు తట్టి పొడిని చదును చేయాలి; వేలితో గట్టిగా అదమకూడదు.
3. అంచును, వాషరును పొడి గుడ్డతో చుట్టూ తుడవాలి.
4. క్యాప్సూల్ లేకుండా 30 మి.లీ. వేడి నీటిని గ్లాసులోకి వదిలి పారబోయాలి. గొట్టంతో పాటు గ్లాసూ వేడెక్కుతుంది.
5. కాఫీ 40 మి.లీ. దించి, విడిగా కాచిన పాలు 90 మి.లీ. పోయాలి.
6. క్యాప్సూల్ తీసి, మరో 30 మి.లీ. నీటితో ముక్కును కడగాలి.

నాలుగో మెట్టును వదిలితే చల్లని స్టీలు గ్లాసులో కాఫీ 64 డిగ్రీలకు పడిపోతుంది. పాటిస్తే 71 ఉంటుంది. అత్తయ్యగారు పొగలు కక్కని కాఫీని కాఫీగా ఒప్పుకోరు, ఈ ఏడు డిగ్రీల తేడాను ఆవిడ థర్మామీటరు లేకుండానే చెప్పేస్తారు.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 16,850.

దశ 5: సున్నం (34–56 రోజులు)

మొదటి రోజే ఒక కొలత తీసి పెట్టుకోవడం ఈ ప్రాజెక్టులో నేను చేసిన అన్నిటికంటే ఉపయోగపడిన పని: క్యాప్సూల్ లేకుండా 100 మి.లీ. నీరు దిగడానికి పట్టే సమయం. కొత్త యంత్రంలో అది 31 సెకన్లు. ప్రతి ఆదివారం కొలిచి, లోపల జరుగుతున్నది బయటినుంచే తెలుసుకుంటున్నాను.

34వ రోజున ఆర్‌వో పాడైంది, బాగుచేయించడానికి 19 రోజులు పట్టింది. ఆ రోజుల్లో కాలేజీలో పరీక్షల పని వల్ల నేను ఆదివారం కొలతలను వదిలేశాను. 53వ రోజున కొలిస్తే 47 సెకన్లు వచ్చింది. ముక్కు దగ్గర నీటి వేడి 84 నుంచి 77 డిగ్రీలకు తగ్గింది. ట్యాంకులో నీరు ఎక్కడిదని అడిగితే అత్తయ్యగారు, "బోరు నీళ్లే కదమ్మా, మనం తాగట్లేదేటి?" అన్నారు. ఆవిడ మాటలో తప్పు లేదు. ఏ నీరు పోయాలో ట్యాంకు మీద రాసి పెట్టకపోవడం నా లోపం.

లెక్క చూద్దాం. మూడు కప్పులకు, కడుగుళ్లతో కలిపి రోజుకు 300 మి.లీ. నీరు యంత్రంలోంచి పోతుంది. బోరు నీటితో రోజుకు 126 మిల్లీగ్రాములు, 19 రోజులకు 2.4 గ్రాముల కఠిన లవణాలు ఆ గొట్టంలోంచి వెళ్లాయి. ఇందులో వేడికి విడిపోయి గోడకు అంటుకునేది కొంతే, కానీ మేము కలిపిన నీటితో అయితే మొత్తమే 0.4 గ్రాములు. ఆరు రెట్ల తేడా. ట్యాంకు అడుగున వాల్వు దగ్గర గసగసమంత తెల్లని రేకు ఒకటి దొరికింది. దాన్ని అద్దం పలక మీద పెట్టి నిమ్మరసం చుక్క వేశాను. సన్నని బుడగలు ఒక్కొక్కటే లేచి, ఆ రేకు అంచుల నుంచి కరుగుతూ నిమిషంలో కనబడకుండా పోయింది. కార్బనేటేనని రుజువైంది.

*54వ రోజు, తప్పు పద్ధతి.* త్వరగా పోవాలని 500 మి.లీ. మరిగే నీటిలో 40 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, యంత్రంలో గంటసేపు నిలవ ఉంచాను. తర్వాత కొలిస్తే 58 సెకన్లు. బయటకు వచ్చిన నీరు పలచని గంజిలా తెల్లగా ఉంది. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, సున్నంతో కలిస్తే కాల్షియం సిట్రేట్ ఏర్పడుతుంది. మామూలు లవణాలకు భిన్నంగా అది వేడి నీటిలో కంటే చల్లని నీటిలో ఎక్కువ కరుగుతుంది. చిక్కని ద్రావణాన్ని వేడిగా నిలవ ఉంచితే పాత సున్నం పోయిన చోట కొత్త మడ్డి దిగుతుంది. ఏటా ఇంటర్ పిల్లలకు ద్రావణీయత చెబుతూ నా వంటింట్లో దాన్ని మరిచిపోయాను.

*55, 56వ రోజులు, సరిదిద్దిన పద్ధతి.*

1. ముందుగా రెండు ట్యాంకుల మామూలు నీటిని వదిలాను.
2. 500 మి.లీ. చల్లని నీటిలో 15 గ్రాముల నిమ్మ ఉప్పు పూర్తిగా కరిగించాను.
3. క్యాప్సూల్ లేకుండా 50 మి.లీ. చొప్పున, మధ్యలో రెండేసి నిమిషాలు ఆపుతూ 250 మి.లీ. వదిలాను.
4. యంత్రం ఆపి 15 నిమిషాలు ఉంచి, మిగతా సగం కూడా అలాగే వదిలాను.
5. ట్యాంకు తోమి, రెండు ట్యాంకుల మంచి నీటితో కడిగాను.
6. చివరి నీటిని గ్లాసులో పట్టి చిటికెడు తినే సోడా వేశాను. బుడగలు వస్తే ఆమ్లం ఇంకా ఉన్నట్టు, రాలేదు.

మొదటి రోజుకు 41 సెకన్లు, మర్నాడు మరో 15 గ్రాములతో చేశాక 33. వెనిగరు వద్దు: దాని వాసన రబ్బరు భాగాలను పట్టుకుని వారాల తరబడి పోదు. వారంటీ ఉన్నవారు తమ మాన్యువల్ ఏ ద్రావణాన్ని అనుమతిస్తుందో ముందే చూసుకోవాలి.

ట్యాంకు మూత మీద ఇప్పుడు పెద్ద అక్షరాలతో చీటీ ఉంది: "కూజాలో నీళ్లు మాత్రమే". కలిపిన నీటికి వేరుగా ఒక కూజా పెట్టాను.

నిమ్మ ఉప్పు 100 గ్రాములు రూ. 40. ఇప్పటివరకు ఖర్చు: రూ. 16,890.

దశ 6: బూజు (70–75 రోజులు)

శ్రీకాకుళంలో బంధువుల పెళ్లికి నాలుగు రోజులు వెళ్లి వచ్చేసరికి క్యాప్సూల్ గదిలో మిగిలిపోయిన పొడి మీద తెల్లటి నూగు పట్టింది. సముద్రపు గాలి తేమ మనకు ఎండాకాలంలోనూ ఉంటుంది. మూసిన గదిలో తడి కాఫీ పొడి మూడో రోజుకే బూజు పడుతుంది. అన్ని భాగాలనూ విప్పి, గిన్నెలు తోమే సబ్బుతో గోరువెచ్చని నీటిలో కడిగి, ఎండలో కాక నీడలో ఆరబెట్టాను. ఊరికి వెళ్లేటప్పుడు ట్యాంకు, డబ్బా, ట్రే ఖాళీ చేసి, లీవరు ఎత్తి ఉంచుతున్నాను. రోజూ రాత్రి చివరి కప్పు తర్వాత కూడా లీవరు ఎత్తే ఉంటుంది.

దశ 7: సున్నం అనుకున్నది వోల్టేజీ (91–95 రోజులు)

మే నెలాఖరులో రాత్రి కాఫీ చేదుగా వస్తోందని మావారు అన్నారు. కొలిస్తే 24 సెకన్ల కాఫీకి 38 పడుతోంది. మళ్లీ సున్నమేనని తీర్మానించి, ఉదయం 15 గ్రాములతో శుభ్రం చేశాను. ఉదయం కప్పు 24 సెకన్లలో దిగింది, రాత్రి మళ్లీ 38. ఆ తేడా చూశాకే, రాత్రి వేళ ఫ్యాను కూడా నీరసంగా తిరుగుతోందని గమనించాను. రూ. 400 మల్టీమీటరుతో కొలిస్తే ఉదయం 232 వోల్టులు, రాత్రి తొమ్మిదికి 188. వీధిలోని ఏసీలన్నీ నడిచే వేళ అది.

188 వోల్టుల దగ్గర 1,400 వాట్ల హీటరు దాదాపు 935 వాట్లే ఇస్తుంది. యంత్రం సిద్ధం కావడానికి పట్టే సమయం 28 సెకన్ల నుంచి 42కు పెరగడానికి అదే కారణం. హీటరు ఆలస్యంగానైనా తన వేడిని అందుకుంటుంది. ఏసీ కరెంటుతోనే కొట్టుకునే కంపన పంపు మాత్రం తక్కువ వోల్టేజీలో బలం కోల్పోతుంది. నీరు పొడిలో ఎక్కువసేపు నిలిచి చేదును లాగుతుంది. స్టెబిలైజరు కొనే ఆలోచన మానుకుని, రాత్రి కప్పుకు మాత్రం గ్రైండరును 10 నుంచి 12 గీతలకు వదులు చేశాను: 27 సెకన్లు వచ్చాయి, చేదు పోయింది. ఇకపై కాఫీ నెమ్మదించినప్పుడు ముందుగా వోల్టేజీ, తర్వాత వాషరు, ఆ తర్వాత ఖాళీ యంత్రంలో 100 మి.లీ. సమయం, అన్నిటికంటే చివర నిమ్మ ఉప్పు.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 17,290.

120వ రోజు లెక్క

- తిరిగి నింపిన క్యాప్సూళ్లతో వచ్చిన కప్పులు: 296.
- కప్పుకు గింజల ఖర్చు: 5.2 గ్రాములకు రూ. 6.66. కరెంటు పావలా లోపే.
- ఒక వాషరు అంచున పగిలింది. రెండింటికీ కొత్తవి వేశాను, రూ. 150. నిమ్మ ఉప్పు మరో ప్యాకెట్ రూ. 40.
- పరికరాలన్నిటి మీద ఖర్చు: రూ. 17,480. ఇప్పటివరకు వచ్చిన కప్పులపై పంచితే కప్పుకు రూ. 59, గింజలు దీనికి అదనం.
- ఇవే 296 కప్పులకు కంపెనీ క్యాప్సూళ్లు కొని ఉంటే ఆ క్యాప్సూళ్లకే రూ. 16,280 అయ్యేది, నా గింజలకు అయినది రూ. 1,970.
- ఈ ఉదయం 230 వోల్టుల దగ్గర 100 మి.లీ. సమయం: 32 సెకన్లు. ముక్కు దగ్గర వేడి: 83 డిగ్రీలు.

ఈ 100 మి.లీ. సమయం 38 సెకన్లు దాటేవరకు సున్నం తీసే పని లేదు. కూజాలోని నీటిని మాత్రం వచ్చే సోమవారం మళ్లీ ప్రయోగశాలకు తీసుకెళ్లాలి. వానలు మొదలయ్యాక కుళాయి నీటి టీడీఎస్ 210 నుంచి 165కు దిగింది, కలిపే పాళ్లు మార్చాలేమో చూడాలి.